కింది మడికి ముందు

ఆ పొద్దున మబ్బులు పడమటి నుంచి చాలా కిందుగా వచ్చాయి. గొర్రెల మంద మాదిరి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఊరి మీదికి వచ్చి, ఎక్కడా ఆగకుండా తూర్పుకు పోయాయి. ఒక్క చుక్క పడలేదు. తిప్పన్న వాకిట్లో నిలబడి చివరి మబ్బు గుట్ట దాటేదాకా చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి భార్యను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు.

"బరువైతే చెప్పప్పా. గడ్డిమోపు మాదిరి దొర్లించుకోని పో," అంది ఓబుళమ్మ.

తిప్పన్న అడుగు చూసుకుంటూ గడప దాటాడు.

"చూడు చంద్రీ, మీ నాయన నోట్లో నీళ్లు పోసుకోని మోస్తాండాడు. మాట్లాడితే ఒలికిపోతాయని."

కూతురు చంద్రకళ నవ్వుకుంటూ ఆటోలో దుప్పటి పరిచింది. హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆమె పని. ఆ రోజుకు సెలవు పెట్టింది.

కొన్నాళ్ల కిందట వేరుశనగ చేలో ఓబుళమ్మ చెనిక్కాయ కట్టె లోడు మీద నుంచి జారి పడింది. నడుము కింద రెండు కాళ్లూ పోయాయి. వెన్నులో నరం తెగలేదనీ, నలిగిందనీ పెద్దాసుపత్రిలో చెప్పారు. కరెంటు పెట్టి చూస్తే కాలిదాకా పోతోంది. కాలు మాత్రం అందుకోవడం లేదు. ఎందుకో వాళ్లకూ తెలియదు. మడకశిర దావలో ఒక పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడగండి అన్నారు.

తిప్పన్న ఆ ఊరి నీరుగంటి. చెరువు తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసి కాలవ గట్టులో మడవ కట్టడం, తిప్పడం ఆయన పని. తాతనాటి నుంచి ఆ ఇంటికే వచ్చింది. పార భుజాన వేసుకుని రోజంతా గట్ల మీద తిరిగే మనిషికి మాటలతో పెద్దగా పని లేదు. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ ఓబుళమ్మే మాట్లాడేది. ఎదురింటివాళ్లకూ కొన్ని మిగిలేవి.

ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన పొడుగాటి షెడ్లలో ఉంది ఆ కేంద్రం. డాక్టర్ కుముద్వతి బయటికి వచ్చి తనే ఒక పక్క పట్టుకుని ఓబుళమ్మను లోపల పడుకోబెట్టింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. కాళ్లకు రబ్బరు చెప్పులు, చీర కుచ్చెళ్లకు మేకల వెంట్రుకలు. గోడకు పటం కట్టిన పాత బొమ్మ ఒకటి ఉంది. ఒక మగమనిషి తల. పక్క నుంచి కోసి చూపినట్టు గీశారు. లోపల మూడు గుండ్రాలు.

"ఎవురిమ్మా ఆయప్ప? తలకాయలో మూడు గదులు కట్టించినాడే. మా ఇంట్లో రెండే," అంది ఓబుళమ్మ.

కుముద్వతి నవ్వింది. "ఇటలీ దేశంలో ఐదు వందల ఏళ్ల కిందటి బొమ్మ. అప్పటి పండితులు తలలో మూడు గదులనుకునేవాళ్లు. కన్ను చూసింది, చెవి విన్నది, చర్మం తాకింది అన్నీ ముందు గదిలో వచ్చి కలుస్తాయి. నడిమి గదిలో ఆలోచన. వెనక గదిలో జ్ఞాపకం. రక్తం నుంచి పుట్టిన ఒక సన్నని ఆవిరి ఈ గదుల్లో నిలిచి, నరాల గొట్టాల్లో ఒళ్లంతా పారుతుందని వాళ్ల నమ్మకం. మనిషి కదిలినా, ఏడ్చినా, ఆ ఆవిరి వల్లే."

"అబద్ధమా మేడమ్ అది?" చంద్రకళ అడిగింది.

"అబద్ధమనే అన్నారు తర్వాత. అప్పట్లోనే ఒక వైద్యుడు బతికున్న జంతువు గొంతు దగ్గరి నరానికి దారం కట్టాడు. అరుపు ఆగిపోయింది. దారం విప్పాడు. మళ్లీ అరిచింది. ఏదో పారుతోందనే కదా అనిపిస్తుంది. కానీ ఆయనే నరం కోసి చూసి, నాకు లోపల బెజ్జం ఏమీ కనపడలేదని రాశాడు. కనపడకపోయినా పారుతోందనే మాట ఎవరూ వదల్లేదు. ఇంకో పండితుడు ఇంకా ముందుకు పోయాడు. ఆలోచన ఎక్కువ చేసేవాళ్లు ఆ ఆవిరినంతా తలలోనే ఖర్చు పెడతారు, అందుకే వాళ్లకు ఒళ్లు చల్లబడి, దిగులు పట్టుకుంటుందని చెప్పాడు."

"అట్లయితే మా ఆయప్ప ఒళ్లు పెనం మాదిరి కాలుతుండల్ల," అంది ఓబుళమ్మ. "తలలో ఖర్చు ఏముండాది."

తిప్పన్న పెదవి కొంచెం కదిలింది. నవ్వినట్టే లెక్క.

కుముద్వతి వాళ్లను వెనక దొడ్డికి తీసుకుపోయింది. నడుములు పడిపోయిన మేకలు అక్కడ గోనెపట్టాల మీద పడుకుని ఉన్నాయి. ఒక్క నల్ల మేక మాత్రం నాలుగు కాళ్ల మీద నడుస్తోంది. దాని వీపు మీద వెంట్రుకలు గొరిగిన చోట కుట్ల గుర్తు. తక్కిన వాటి మాదిరే అదీ పడిపోయిన మేకేనట.

నడుస్తున్న మేక వైపు చూస్తూనే ఆమె చెప్పింది. నరం లోపల బెజ్జం లేదు. నిజమే. కానీ నరానికి చుట్టూ ఉన్న పొరలో ఒక చెమ్మ పారుతుంది. చెట్టులో పారే రసం కంటే నిదానంగా పారుతుంది. తల లోపలి గదుల గోడల్లో పుట్టి కాలివేలిదాకా దిగుతుంది. వార్త మోసేది కరెంటే. కానీ చెమ్మ ఎండిన చోట ఆ వార్తను అందుకునేవాళ్లు ఉండరు. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టు. నలిగిన చోట చెమ్మ కారిపోతుంది గనుక కిందికి చేరదు. ఆ చోటును పూడ్చి, పైన తెరిచి మూసే సన్నని కట్లు కొన్ని వేస్తే, ఎక్కడ ఎంత పోవాలో మనమే చూసుకోవచ్చు. ఒకటే చిక్కు. ఒంట్లో చెమ్మ పుట్టేది ఇంతే అని ఉంటుంది. ఎక్కువ పుట్టించడం తనకు చేతకాలేదు.

తిప్పన్న అంతా విని ఒకే మాట అన్నాడు. "అట్లయితే మేడమ్, తలకాయ పై మడి. కాళ్లు కింది మడి."

కుముద్వతి ఆయన వైపు తిరిగి నిలబడింది. ఆమె మొగం వెలిగింది. ఇన్నేళ్లుగా పెద్ద పెద్ద సభల్లో చెప్పలేక తిప్పలు పడిన విషయం అది. "అంతే తిప్పన్నా. అచ్చంగా అంతే. కట్లు కాదు, తూములు అందాం ఇకమీద."

మేకపిల్ల ఒకటి గోడ పక్క నుంచి అరిచింది. నల్లమేక చెవులు రిక్కించి, అరుపు వచ్చిన వైపు కాకుండా అటూ ఇటూ వెతికింది. పిల్ల ఎదురుగా వచ్చి పొదుగులో తల పెట్టబోతే కొమ్ములతో నెట్టేసింది.

"పొదుగు నొప్పిలే. కొత్తగా ఈనింది," అన్నాడు దాణా వేసే మనిషి.

తిప్పన్న చూశాడు. కానీ ఆయన కళ్లు మేక వెనక కాళ్ల మీదే ఉన్నాయి. అవి నేలను తొక్కి నిలబడ్డాయి.

*

ఆపరేషన్ అయింది. నాలుగు తూములు పెట్టారు. నడుము దగ్గర ఒకటి, వీపు మధ్య ఒకటి, మెడ కింద ఒకటి, తలలో ముందు గది వాకిట్లో ఒకటి. తల తూము కుముద్వతి చేతిలోనే ఉంటుంది. కింది మూడింటికి చేతిలో పట్టేంత డబ్బా ఇచ్చింది. నిద్రలో చెమ్మ ఎక్కువ, ఎండలో తక్కువ. దాన్ని బట్టి మీటలు కాస్త ఎక్కించాలి, కాస్త దించాలి. అన్ని తూములూ కొంచెం కొంచెం తెరిచి ఉంచండి, కాళ్లకు చేరడానికి టైము పడుతుంది, ఓర్చుకోండి అని చెప్పి పంపింది.

ఓర్చుకున్నారు. ఎండాకాలం పోయింది. కాళ్లు రాలేదు. తిప్పన్న పొద్దున లేస్తూనే భార్య అరికాలిని బొటనవేలితో నొక్కి చూసేవాడు, మడిలో చెమ్మ చూసినట్టు.

"ఏమన్నా తగుల్తాందా?"

"నీ మొగం కనపడతాంది. అది చాలదా శిక్ష," అనేది ఆమె. నవ్వేది. తర్వాత గోడ వైపు తిరిగేది. మూత్రానికి కూడా కూతురు పక్కనుంటే తప్ప జరగదు. కూతురు ఫ్యాక్టరీకి పోతే సాయంత్రందాకా నీళ్లు తాగకుండా పడుకునేది. ఆ సంగతి తిప్పన్నకు చెప్పలేదు. నీళ్ల చెంబు పొద్దున ఎట్లుందో సాయంత్రం అట్లే ఉండడం ఆయనే చూశాడు.

ఆ ఏడు చెరువులో నీళ్లు తూము నోటికి కాస్త పైన ఉన్నాయంతే. నీళ్లు కరువైన ఏడు ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. అందరికీ తలా కాస్త వదిలితే సగం కాలవే తాగేస్తుంది, చివరి మడికి బురద కూడా చేరదు. అందుకని పై మడవలన్నీ గట్టిగా కట్టేసి, ఉన్న నీళ్లన్నీ ఒక్క పెట్టున కిందికి తోలుతారు. కింది మడి తడిశాక, ఒక్కొక్క మడవ తిప్పుకుంటూ పైకి వస్తారు. పై మడివాళ్లు తిడతారు. తిడుతూనే ఒప్పుకుంటారు. వాళ్ల నేలలో ముందటి చెమ్మ కొంత ఉంటుంది. పదిరోజులు తట్టుకుంటుంది.

"ఏం తిప్పన్నా, కింద మడి మీ అత్తగారిదా? నీళ్లన్నీ ఆడికే తోల్తాండావు," అన్నాడు పై మడి సిద్ధప్ప, గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ.

తిప్పన్న సిద్ధప్ప మడిలో దిగి మడమతో నేలను నొక్కాడు. గుంట పడింది. గుంట అడుగు నల్లగా ఉంది. "ఇంగా వారం తట్టుకుంటాది. గమ్మునుండు."

గట్టు మీదికి ఎక్కి, నీళ్లు కాలవ నిండుగా కిందికి పరుగెత్తడం చూస్తూ నిలబడిపోయాడు. చాలాసేపు. సిద్ధప్ప బీడీ అయిపోయింది.

"ఏమైందప్పా, బొమ్మ మాదిరి నిలబడినావు?"

తిప్పన్న పార అక్కడే గుచ్చి ఇంటికి పోయాడు.

*

"అన్నిటికీ కొంచెం కొంచెం వదిలితే కాలవే తాగేస్తాంది మేడమ్," అన్నాడు కుముద్వతి ఎదుట. ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం చంద్రకళ ఎప్పుడూ వినలేదు. "పైవన్నీ కట్టేయండి. ఒక్క పెట్టున కాళ్లకు తోలండి. కాళ్లు తడిసినాక పైకి వస్తాం."

కుముద్వతి వెంటనే కాదనలేదు. అదే ఆమె చేసిన తప్పు. నల్లమేకకు ఆమె చేసిందీ తిప్పన్న చెప్పినట్టే. కొంచెం కొంచెం ఇచ్చిన మేకలన్నీ ఇంకా గోనెపట్టాల మీదే ఉన్నాయి. పై తూములన్నీ మూసి కిందికి తోలిన మేక ఒక్కటే నడిచింది.

"తల తూము మాత్రం సగమే మూస్తాను," అంది.

"సగం మూస్తే సగం ఆడనే ఇంకిపోతాది."

"తిప్పన్నా, ఆ గది సంగతి నాకు పూర్తిగా తెలియదు. మాట తడబడొచ్చు. రెండు రోజులు మత్తుగా ఉండొచ్చు."

"పై మడి తట్టుకుంటాది మేడమ్. ముందటి చెమ్మ ఉంటాది."

అంత నమ్మకంగా చెప్పాడు. కుముద్వతికి కూడా ఆ మాట నిజమనే అనిపించింది. తూము అని, మడి అని, తడి అని ఇన్నాళ్లూ మాట్లాడీ మాట్లాడీ, ఆమె కళ్లకు కూడా తలలో గట్లూ కాలవలే కనపడుతున్నాయి.

ఆమె ఓబుళమ్మ మంచం పక్కన కూర్చుంది. "ఒళ్లు మీది. మీరు చెప్పండి."

ఓబుళమ్మ పైకప్పు వైపు చూసింది. ఈసారి వెంటనే ఎగతాళి రాలేదు. "పడినప్పటి నుంచి నా కూతురు నా గుడ్డలు ఉతుకుతాంది మేడమ్. పెండ్లి చూపులకు వస్తామన్నోళ్లకు వద్దని చెప్పింది, తను పోతే నన్ను ఎవురు చూస్తారని. నాకు చెప్పకుండా చెప్పింది. ఆయప్ప చూస్తే, నడుం పట్టేసినా పట్టలేదని అబద్ధమాడతాండాడు." దుప్పటి మీదికి లాక్కుంది. "కట్టేయండి. పది దినాలు తలకాయ లేకుంటే ఏమి. ఆయప్ప పుట్టినప్పటి నుంచి బతకలేదా?"

నడుము తూము ఒక్కటి వదిలి, పై మూడు తూములూ మూశారు.

*

నాలుగో రోజు ఎడమ కాలి చిటికెన వేలు కదిలింది. చంద్రకళ కేక పెట్టబోయి చేత్తో నోరు మూసుకుంది. తిప్పన్న ఆ వేలిని పట్టుకుని, వదలకుండా, తల వంచుకుని కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి ఓబుళమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ఇంకో వారానికి నడిచింది. కుముద్వతి తల తూమును కొంచెం తెరిచి చూసింది. ఓబుళమ్మ కాళ్లు వణికి కూలబడ్డాయి. మళ్లీ మూసింది. కాళ్లు గట్టిపడనీ, తర్వాత తెరుద్దాం అనుకున్నారు ముగ్గురూ. ఓబుళమ్మ మాటలు తగ్గాయి. అలసట అనుకున్నారు.

ఇంటికి వచ్చాక ఊరంతా చూడడానికి వచ్చింది. సిద్ధప్ప కూడా అరటిపండ్లు తెచ్చాడు. ఓబుళమ్మ వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించింది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూసింది. ఇంకొంచెం నడిచి మళ్లీ తిరిగి చూసింది.

"ఎవురున్నారు వెనక?" అడిగాడు తిప్పన్న.

ఆమె ఉలిక్కిపడింది. ఆయన వైపు కాకుండా వసారా దూలం వైపు చూసింది. "ఎవురో నా యెంట నడుస్తాండారు. గజ్జెలు వినపడతాండాయి."

అవి ఆమె కాళ్ల గజ్జెలే. నడక వచ్చిన సంతోషంలో చంద్రకళ కొత్తగా కట్టింది. ఓబుళమ్మ వంగి వాటిని విప్పేసింది. విప్పినా లాభం లేదు. అడుగుల చప్పుడు ఉంది. చెప్పులు వేసుకుంటే చెప్పుల చప్పుడు. ఆ రోజు నుంచి ఆమె మెల్లగా, నేలకు వెన్న పూసినట్టు నడవడం మొదలుపెట్టింది.

తర్వాత చిన్న చిన్నవి. పొయ్యి మీద గిన్నె పట్టుకుని చెయ్యి కాలితే, చెయ్యి వెనక్కి తీసుకుంది, కానీ గిన్నె వైపు చూడలేదు, ఎవరైనా కొట్టారేమోనని చుట్టూ చూసింది. తిప్పన్న కాలవ నుంచి వచ్చి "మే" అని పిలిస్తే బయటికి పోయి వీధిలో వెతికింది. ఆయన గడపలోనే ఉన్నాడు.

ఒక సాయంత్రం చంద్రకళ ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చింది. తల్లి ఎదుట నిలబడి, "మా, టీ పెట్టినావా?" అంది.

ఓబుళమ్మ కూతురి మొగాన్ని చూసింది. తర్వాత భయం భయంగా గోడలు, తలుపు, మళ్లీ గోడలు.

"మా, నన్ను చూడు. నేను తెలీదా?"

"తెల్సు," అంది ఓబుళమ్మ. మాట మామూలుగానే ఉంది. ఒక్కొక్కటే ఏరి పెట్టినట్టు మాత్రం ఉంది. "నువ్వు నా కూతురివి. చంద్రకళవి. బుధవారం పుట్టినావు. ఆ దినం వాన. అంతా తెల్సు. ఈ మొగం నీదే. ఆ గొంతూ నీదే. మొగం ఈడుంది. గొంతు యాడుందో తెలీడం లే. రెండూ ఒకటేనని నువ్వు చెప్తే నమ్ముతా. నాకు మాత్రం ఒకటి కావడం లే."

చంద్రకళ ముందుకు వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఓబుళమ్మ అరిచింది. ఆ అరుపుకు తనే బెదిరి ఇంకా గట్టిగా అరిచింది. తన గొంతు కూడా ఎవరిదో అయింది. పట్టుకున్న చేతులకు మొగం లేదు.

తిప్పన్నకు అప్పుడు, పిల్లను నెట్టేసిన నల్లమేక గుర్తొచ్చింది.

*

కుముద్వతి తల తూము పూర్తిగా తెరిచింది. చెమ్మ లోపలికి పోలేదు. యంత్రంలో చూసి, మళ్లీ చూసి, చివరికి ఆ తెరను ఆర్పేసింది.

దొడ్డికి పోయి కాసేపు నల్లమేక దగ్గర నిలబడి వచ్చింది. పిల్ల చచ్చిపోయి చాలా రోజులైందని దాణా మనిషి చెప్పాడు. పాలు లేక.

తిరిగి వచ్చి తిప్పన్న పక్కన బెంచీ మీద కూర్చుంది.

"గోడలు అతుక్కుపోయాయి. ఆ ముందు గదిలో."

"తూము తీసినారు కదా మేడమ్. రవంత టైము పట్టినా తడుస్తాది. ఎండిన మడి తడవకుండా ఉంటాదా?"

"ఇది మడి కాదు తిప్పన్నా."

ఆయన ఆమె వైపు చూశాడు.

"మడి అని నేనే అన్నాను. మీరన్నారు, నాకు బాగుందనిపించి నేనూ అన్నాను. ఆ పాత పండితుల కాలంలో తోటల్లో నీళ్లు చిమ్మే గొట్టాలు వచ్చాయి, నరం గొట్టమన్నారు. తర్వాత తీగలు వచ్చాయి, తీగ అన్నారు. అది అదేమీ కాదు. ఏమిటో నాకు తెలియదు. తెలియకుండానే మూసేశాను."

గోడ మీద ఆ మగమనిషి తల అట్లే ఉంది. కన్నుకూ చెవికీ చర్మానికీ ఒక్కో గీత గీసి, మూడింటినీ ముందు గుండ్రంలోకి తెచ్చి కలిపాడు ఆ గీసినవాడెవరో. ఆవిరి తప్పు. గొట్టం తప్పు. మూడు గీతలూ ఒకచోట కలవాలన్న సంగతి మాత్రం వాడికి తెలుసు. దాన్ని ఆమె ఇన్నేళ్లూ పాతకాలపు ముచ్చటగా చూసింది. వచ్చినవాళ్లకు చూపించి నవ్వించింది.

"ఇంక దావ లేదా?"

"ఒకటుంది. కింది తూములన్నీ మూసి ఉన్నదంతా పైకి తోలితే, అతుక్కున్నది విడిపోవచ్చు. విడిపోతుందని చెప్పలేను. విడిపోకపోవడమే ఎక్కువ. కాళ్లు మాత్రం పోతాయి. అవి మళ్లీ రావు."

తిప్పన్న బెంచీ మీద నుంచి లేచాడు. "ఆయమ్మనే అడగల్ల," అన్నాడు.

అడగడమూ కష్టమే. గొంతు వింటే భయపడుతుంది గనుక, ఆమె కళ్లు మూసుకుంటే చంద్రకళ గది బయట నిలబడి చెప్పింది. మొగం కనపడనప్పుడు గొంతు ఒక్కటే ఉంటుంది. అది కొంచెం నయం. చంద్రకళ చెప్పినంతసేపూ ఓబుళమ్మ కళ్లు మూసుకునే వింది.

"వద్దు," అంది.

"మా, ఒక్కసారి ఆలోచన చెయ్యి. నాయన నిన్ను మోస్తాడు. నేను చేస్తాను అన్నీ. ముందు చేయలేదా?"

"అందుకే వద్దు." కళ్లు తెరవలేదు. "కాళ్లుంటే మీ నుంచి రవంత దూరం పోతాను. నా పని నేను చేసుకుంటాను. కాళ్లు పోయి, ఈ తలకాయ కూడా బాగు కాకపోతే, నన్ను ఎత్తల్ల, కడగల్ల. ఎవురివో తెలీని చేతులు వచ్చి ఎత్తుతాయి. మీవేనని నాకు తెల్సు. తెల్సినా ఎవురివో. దినామూ. సచ్చేదాకా. అది నావల్ల కాదు."

తలుపు ఇవతల తిప్పన్న నిలబడి ఉన్నాడు. తను పలికితే ఆమె బెదురుతుంది. తాకితే అరుస్తుంది. ఏదైనా చెప్పాలని ఆ మనిషికి పెండ్లి అయినప్పటి నుంచి ఇంతగా ఎప్పుడూ అనిపించలేదు.

కుముద్వతి డబ్బా తీసుకుని మీటలు ఉన్నచోట ఉన్నట్టే బిగించేసింది.

*

తర్వాత ఒక ఆదివారం కుముద్వతి వాళ్ల ఊరికి వచ్చింది. కేంద్రంలో మేకల షెడ్డుకు తాళం వేసి వచ్చింది. కారు ఊరి బయట ఆపి, చప్పుడు కాకుండా నడిచి వచ్చింది. వాకిట్లో ఓబుళమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. ఒలిచే చప్పుడు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుంది. కుముద్వతిని చూసి తల ఊపింది. గుర్తుపట్టింది. కోపం లేదు. కోపం రావాలన్నా ఎదుట ఒక మనిషి కావాలి. ఆమె ఎదుట ఉన్నవి ఒక చీర రంగు, ఒక మొగం, రోజూ వీచే గాలి.

కుముద్వతి చెప్పాలనుకుని వచ్చిన మాట ఒకటుంది. దావ పొడుగునా దాన్ని కూర్చుకుంది. నోరు తెరవబోతే చంద్రకళ గబుక్కున వేలు అడ్డం పెట్టింది, వద్దన్నట్టు. ఆమె నోరు మూసుకుంది. పోవడానికి లేచింది. తిప్పన్న చెయ్యి చూపి కూర్చోమన్నాడు. అన్నం వేళ. ఆ ఊళ్లో ఆ వేళకు ఇంట్లో ఉన్న మనిషిని తినకుండా పంపరు.

చంద్రకళ నాలుగు ఆకులు వేసింది. ఈ మధ్య ఆ ఇంట్లో స్టీలు కంచాలు తీసేసి విస్తరాకులే వాడుతున్నారు, చప్పుడు రాకుండా. రాగిసంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి, గోగాకు పప్పు. నలుగురూ ఒక్కొక్క మూర దూరంలో కూర్చున్నారు. ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగలలేదు.

ఓబుళమ్మ తన చెయ్యి సంగటి తుంచడాన్ని చూసింది. అది పైకి లేవడాన్ని చూసింది. నోట్లోకి వచ్చిన రుచి దానిదేనా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, మింగింది.

ఆమె ఆకులో ఊరుబిండి అయిపోయింది. కావాలా అని తిప్పన్న అడగలేదు. గిన్నెను నేల మీద వేలితో నెమ్మదిగా ఆమె దాకా తోసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గిన్నె అక్కడ ఉండడాన్ని కాసేపు చూసి, ఆమె వడ్డించుకుంది.

కుముద్వతి తల ఎత్తలేదు. పెట్టినదంతా తినింది.

చంద్రకళ కళ్ల నీళ్లు ఆకులో పడుతున్నాయి. చప్పుడు రానందువల్ల వాటిని ఎవరూ ఆపమనలేదు. నలుగురూ తిన్నారు.